వకుళ మనసుకి హద్దురాళ్ళు

"వకుళా, ఒకవేళ నీకు మనసు లేదని తేల్చేస్తే ఏం చేద్దామే?"

సోమవారం పొద్దున్న, ఇంకా పాలు కూడా కాగకముందే అడిగాను. అది జడ అల్లుకుంటోంది. అద్దంలోంచి నావంక ఒకసారి చూసి మళ్ళీ జడలోకి దిగిపోయింది. మంచం మీంచి మావారు, "లేదంటే పీడా వదిలె. ఉన్నవాళ్ళు ఏం బావుకున్నారు గనక?" అని గోడవైపు తిరిగారు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఎక్కడ ఏ చప్పుడొచ్చినా ఒక నట్టు బిగిస్తే పోతుందనే మనిషి.

నాకలా కుదరదు. ఏదైనా జరగకముందే దానికి భయపడి సిద్ధంగా ఉండటం నా అలవాటు. జరిగాక తీరిక ఉండదు కదా.

సంగతేమిటంటే, మా వకుళకి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. పద్ధెనిమిదేళ్ళ పిల్ల, మాకు ఒక్కతే. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా వెళ్ళి నుదుటిమీద చెయ్యిపెట్టి చూసొచ్చే రకం. మాట మాత్రం బహు తక్కువ. సీటు కాగితం వెనకవైపు జతచేయవలసిన పత్రాల వరసలో కులం, నివాసం, ఆరోగ్యం అన్నీ అయ్యాక ఆరో అంకె దగ్గర కొత్తగా ఒకటుంది: మనోధ్రువపత్రం. అభ్యర్థికి మనసు కలదని జిల్లా కార్యాలయం ఇచ్చినది, ఒరిజినల్. గురువారం సాయంత్రం అయిదులోగా కాలేజీలో ఇవ్వకపోతే సీటు వెయిటింగు లిస్టులో తరవాతి పిల్లకి పోతుంది.

ఈ పత్రం ఎందుకు పుట్టిందో పేపర్లో చదివాను. రాజధానిలో పెద్ద సభ జరిగిందట. ఇంకొన్నాళ్ళకి యంత్రాలకి కూడా మనసొస్తుందని ఎవరో తెరమీద బొమ్మలేసి చూపించారట. వెళ్ళినవాళ్ళందరూ పూలదండలతోనూ ఉత్సాహంతోనూ తిరిగొచ్చారు. ఆ ఉత్సాహంలో ఒక పెద్దాయనకి ఆలోచన తట్టింది. యంత్రాలకి వచ్చాక లెక్క కలిసిపోతుంది, వాటికి రాకముందే మనుషుల్లో ఎంతమందికి ఉందో తేల్చేసుకుంటే మంచిది కదా అని. మంచి ఆలోచనే. అన్నీ మంచి ఆలోచనలే. మా పిల్ల సీటు దగ్గరికి వచ్చేసరికే ఇలా అవుతాయి.

జిల్లా మనోధ్రువీకరణ కార్యాలయం పాత సర్వే ఆఫీసు భవనంలో పెట్టారు. కొత్త శాఖకి కొత్త మనుషులు దొరక్క, రెవిన్యూ శాఖవాళ్ళనే డిప్యుటేషన్ మీద తెచ్చి కూర్చోబెట్టారు. ముప్ఫయ్యేళ్ళు పొలాలు కొలిచినవాళ్ళు. గేటు బయట ఒకతను బండిమీద రాతి పలకలు అమ్ముతున్నాడు. ఈ రోజుల్లో పలకలెవరు కొంటారా అనుకుని లోపలికెళ్ళాం.

సూపరింటెండెంటు అప్పలనరసయ్యగారు. కళ్ళజోడు మీంచి వకుళని చూసి, "దరఖాస్తుదారు పేరు?" అన్నారు.

"వకుళ బాబూ," అన్నాను నేను.

"వయసు?"

"మొన్న చైత్రానికి పద్ధెనిమిది నిండాయి బాబూ."

"మనసు ఎన్నాళ్ళనుంచి ఉంది?"

దానికీ నేనే చెప్పాను. "కడుపులో ఉన్నప్పట్నుంచీ బాబూ. ఏడో నెలలో నేను చింతకాయ పచ్చడి తింటే తన్నేది."

ఆయన రాసుకున్నారు. రాసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, మా కేసు ఎంత పెద్దదో మాకు తెలియజెప్పాలని శాఖ చరిత్ర ఎత్తుకున్నారు.

"మొదటి డైరెక్టరుగారు పురాతన గ్రంథాలు క్షుణ్ణంగా చదివినవారు. మనసు గుండెలో ఉంటుందనీ, మెదడున్నది ఒళ్ళు చల్లబరచడానికేననీ వారి అభిప్రాయం. ఆ మేరకు సర్క్యులరు ఒకటి. రెండో ఆయన వచ్చి, చూపు కంట్లోంచి బయల్దేరి వస్తువు దాకా వెళ్ళి తాకి వస్తుందన్నారు. ఆ మేరకు సిబ్బంది ఫైళ్ళని అవసరానికి మించి చూడరాదు, అరిగిపోతాయి అని సర్క్యులరు రెండు."

"అది మాత్రం నిజం బాబూ," అన్నాను. "లేకపోతే దిష్టెలా తగుల్తుంది?"

ఆయన పెన్ను తీసి ఫైలు అంచున 'ప్రజాభిప్రాయం సేకరించడమైనది' అని రాశారు.

"మూడో ఆవిడ, పుట్టిన శిశువు మనసు ఖాళీ పలక అన్నారు. నాలుగో ఆయన, చూసేవారు లేని వస్తువు లేనట్టే అన్నారు. అయిదో ఆయన, దేన్నీ నమ్మడానికి వీల్లేదన్నారు. ఆరో ఆయన, శరీరం వేరు, మనసు వేరు, రెంటికీ హద్దులు తేల్చమన్నారు. ఇప్పుడున్న ప్రత్యేకాధికారిగారు ఇంకా ఏమీ అనలేదు. వచ్చి మూడు వారాలే అయింది."

"మరి ఇందులో ఏది అమల్లో ఉంది బాబూ?"

అప్పలనరసయ్యగారు నన్ను జాలిగా చూశారు. "అన్నీనమ్మా. ప్రభుత్వంలో పాత సర్క్యులరు పోదు. 'పై ఆదేశాలకు అదనంగా' అని కొత్తది చేరుతుంది. దేశదేశాల పెద్దలు రెండువేల అయిదొందల ఏళ్ళపాటు ఒకరినొకరు ఖండించుకుంటూ పోయారు. ఏం సాధించారు? మేము ఎవరినీ ఖండించలేదు. ఒక్కొక్కరికి ఒక్కో కౌంటరు ఇచ్చాం."

మొదటి కౌంటర్లో వకుళ గుండె ఫొటో చూపించమన్నారు. నా సంచీలో ఉంది. నా సంచీలో ఏదైనా ఉంటుంది. వరదొస్తే పనికొస్తాయని కొవ్వొత్తులు కూడా. ఫొటోతోపాటు అది తొమ్మిదో క్లాసులో సైకిలు మీంచి పడ్డప్పటి తల ఎక్స్‌రే కూడా తీసిచ్చాను. గుమాస్తా రెండింటినీ కిటికీకి ఎత్తి చూసి, "లోపల స్థలం ఉంది గానీ నిర్మాణమేమీ కనబడటంలేదే," అన్నాడు. కాగితం మీద 'ఖాళీ స్థలం. ఆక్రమణలు లేవు' అని ముద్ర వేశాడు. ఆక్రమణలు లేనందుకు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

రెండో కౌంటరుకి మేం వెళ్ళేసరికి ఆ గుమాస్తా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మా ఫైలు అరగకుండా అలాగే సంతకం చేశాడు. సంతకం బల్లమీద పడింది. మళ్ళీ చేశాడు.

మూడో కౌంటర్లో తెలిసింది బయట పలకల బండెందుకుందో. "సర్క్యులరు మూడు ప్రకారం దరఖాస్తుదారు మనసు పుట్టుకతో ఖాళీ అని నిరూపించాలి. ఒక ఖాళీ పలక తెచ్చి, అది ఖాళీయే అని గెజిటెడ్ ఆఫీసరుగారి ధ్రువీకరణతో సమర్పించాలి," అంది అక్కడి అమ్మాయి, పాఠం అప్పజెప్పినట్టు.

పలక తెచ్చాం. పక్క వీధిలో పశువుల డాక్టరుగారు గెజిటెడ్. ఆయన పలకని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఈ పలకపై ఏమియు వ్రాయబడి యుండలేదు' అని సుద్దతో పలకమీద రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చారు.

తెచ్చి ఇస్తే ఆ అమ్మాయి చదివింది. "దీనిమీద రాసుందే?"

"ఏమీ రాయలేదనే కదమ్మా రాసింది?"

"అదే. రాసుంది కదా. ఖాళీది తీసుకురండి."

ఖాళీది తెస్తే, "ధ్రువీకరణేదీ?" అంది. అలా మధ్యాహ్నం దాకా నాలుగు పలకలయ్యాయి. పశువుల డాక్టరుగారి దగ్గర బయట రెండు గేదెలు, ఒక మేక, మా వెనకాల ఇరవైమంది పిల్లల తల్లులు నిలబడ్డారు. చివరికి వకుళే ఏమీ అనకుండా నా చేతిలోంచి సంతకమున్న పలక తీసుకుని, కౌంటర్లో పెట్టి, వేలు తడి చేసుకుని అక్షరాలు తుడిచేసి సంతకం మాత్రం ఉంచింది. ఆ అమ్మాయి పలకని చూసింది, వకుళని చూసింది, ముద్ర వేసింది. ఇది ఎవరు నేర్పారో నాకు తెలీదు. నేనైతే నేర్పలేదు. అది నాకప్పుడు పట్టలేదు, బస్సు తప్పిపోతుందేమోనన్న భయంలో ఉన్నాను.

*

మంగళవారం మిగిలిన కౌంటర్లు. నాలుగోది కౌంటరు కాదు, గది. గదిలో ఒక బీరువా. బీరువాకి ఎదురుగా స్టూలు మీద ఒక ఆడమనిషి, పేరు నూకరత్నం, అటెండరు. తలుపులు తెరిచిన బీరువాలో ఉన్న ఫైళ్ళని చూస్తూ కూర్చుంది. అదే ఆమె ఉద్యోగం.

"ఎందుకమ్మా అలా చూస్తున్నావు?" అన్నాను.

"చూడకపోతే లేకుండా పోతాయంట," అంది నూకరత్నం, తల తిప్పకుండా. "నాలుగో నంబరు ఆర్డరు. పదిన్నర నుంచి అయిదు దాకా ఉన్నట్టు నేను చూస్తాను. ఆనక వాచ్‌మేను చూస్తాడు. ఉగాదికి ఇద్దరం సెలవు పెట్టేం. పండగ ఎల్లి వచ్చేక నూట పన్నెండు ఫైళ్ళు లేవని రాసీసేరు. బీరువాలోనే ఉన్నాయి. ఉన్నా లేవంట. పాపం ఆ పిల్లలందరూ మళ్ళీ మొదట్నించి పలకలు కొన్నారు."

"మా ఫైలు?"

"పై అరలో మూడోది. ఉంది, భయపడకు. చూస్తన్నాను కదా."

నేను మా ఫైలుని తలెత్తి చూశాను. ఇద్దరం చూస్తే ఇంకొంచెం గట్టిగా ఉంటుందనిపించింది.

వకుళని నూకరత్నం పక్కన బల్లమీద కూర్చోబెట్టి అయిదో గదికి నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్కడ కూర్చున్నాయన బక్కగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. నమస్కారం పెడితే తిరిగి పెట్టలేదు.

"మీరు నిజంగా వచ్చారని నేనెలా అనుకోవాలి?" అన్నాడు.

"వచ్చాను బాబూ. పొద్దున్న ఏడింటి బస్సుకి."

"అది మీరంటున్నారు. కలలో వచ్చినవాళ్ళు కూడా బస్సుకే వచ్చామంటారు." బల్లమీద ఫైళ్ళు కట్టే తాడు ముక్క తీసి పైకెత్తాడు. "మసక వెలుతుర్లో దీన్ని చూసి మీరు పామనుకుంటారు. అవునా? కాబట్టి కళ్ళు చెప్పేది సాక్ష్యానికి పనికిరాదు."

"పామే అయితేనో బాబూ?"

"ఏమిటి?"

"తాడుని చూసి పామనుకున్నవాళ్ళు కెవ్వుమని ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగుతారు. పాముని చూసి తాడనుకున్నవాళ్ళు ఇలా వచ్చి మీతో చెప్పరు బాబూ, అందుకని మీకు తెలీదు. నేనెప్పుడూ పామనే అనుకుంటాను."

ఆయన చాలాసేపు తాడు వంక చూసి, మెల్లగా బల్లమీద, తనకి కాస్త దూరంగా పెట్టాడు. "ఈ కార్యాలయంలో," అన్నాడు, "అనుమానించేవాణ్ణి నేనొకణ్ణి ఉన్నానన్నది మాత్రమే ఖాయం. కాబట్టి నాకు మనసున్నట్టు ధ్రువీకరించుకోగలను. ధ్రువీకరించుకున్నాను కూడా." గోడకి ఫ్రేము కట్టి ఉంది, ఆయన పత్రం, ఆయన సంతకంతోనే. "మీ అమ్మాయి విషయంలో నా నివేదిక: ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తదుపరి చర్య నిమిత్తం ఆరో కౌంటరుకి."

బయటికొచ్చేసరికి నూకరత్నం స్టూలు మీంచి లేచి మోకాలు పట్టుకుని నిలబడుంది. "అక్కా, పెద్దాసుపత్రిలో నాకు మోకాలి ఫొటో ఉంది, ఒంటిగంటకి రమ్మన్నారు. కాస్త ఈ బీరువాని చూస్తూ ఉండవా? మంచినీళ్ళకి కూడా లేవకు సుమా."

ఎలా కాదనను? మా ఫైలు అందులోనే ఉంది. స్టూలు మీద కూర్చున్నాను. రెప్ప వేసినప్పుడల్లా భయమేసి, ఒక కన్ను మూసినప్పుడు రెండోది తెరిచి ఉంచడం మొదలుపెట్టాను.

అరగంటయ్యాక, "వకుళా, చెంబిటు ఇవ్వవే," అన్నాను. జవాబు లేదు. అది ఎప్పుడూ జవాబివ్వదు గనక మళ్ళీ అన్నాను. "వకుళా!"

కంటి కొసన చూస్తే బల్ల ఖాళీ.

అప్పుడు నా పరిస్థితి పగవాళ్ళకి కూడా వద్దు. తల తిప్పితే ఫైలు పోతుంది. తిప్పకపోతే పిల్లేమైందో తెలీదు. గేటు బయట లారీలు తిరిగే రోడ్డు. వెనకవైపు పాడుపడ్డ నుయ్యి ఉందని పలకలవాడు చెప్పాడు. కళ్ళు బీరువా మీదే పెట్టి, స్టూలు మీంచి లేచి, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ, "వకుళా! వకుళా!" అని అరుస్తూ వరండా దాకా వెళ్ళాను. అక్కణ్ణుంచి ఇంకొక్క అడుగు వేస్తే బీరువా కనపడదు. అక్కడే నిలబడిపోయాను. అప్పలనరసయ్యగారు టీ గ్లాసుతో ఎదురొచ్చి, "ఇది ఏ సర్క్యులరమ్మా?" అన్నారు.

ఇంకో పావుగంటకి అది వెనకనుంచి వచ్చింది. చెప్పుల చప్పుడుని బట్టి తెలిసింది.

"ఎక్కడికెళ్ళావే?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికేనమ్మా."

"ఎవరితో మాట్లాడావు? నుయ్యి దగ్గరికెళ్ళావా? కాళ్ళకి మట్టేమిటి?" తల తిప్పకుండా కాళ్ళ మట్టి చూడటం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. అది చెంబు నా చేతిలో పెట్టి బల్లమీద కూర్చుంది.

నూకరత్నం కుంటుకుంటూ తిరిగొచ్చాక ఆవిడతో అంతా చెప్పి ఏడ్చాను. ఆవిడ స్టూలు మీద సర్దుకుని, బీరువా వంక చూస్తూనే అంది: "నువ్వు చూడకపోతే పిల్ల లేదనుకున్నావేటక్కా? నాలుగో నంబరు ఆర్డరు రాసింది నువ్వేనా?"

నాకు నచ్చలేదు ఆ మాట. పిల్లల్లేనివాళ్ళు అలాగే మాట్లాడతారనుకున్నాను. తరవాత తెలిసింది, ఆవిడకి నలుగురు.

*

బుధవారం ఆరో కౌంటరు. సర్వేయరు లింగరాజు. పొట్టిగా, చెవిలో పెన్సిలు పెట్టుకుని ఉంటాడు. ముప్ఫయ్యేళ్ళ అనుభవంలో తను వేసిన హద్దురాయి ఒక్కటి కూడా కదల్లేదని మాకు ముందే చెప్పాడు.

"శరీరం ఎక్కడ ముగుస్తుంది, మనసు ఎక్కడ మొదలవుతుంది, అది తేలాలి. పెద్దాయన ఆర్డర్లో రెండూ కలిసే చోటు తల మధ్యలో శనగగింజంత ఉంటుందని ఉంది. శనగగింజకి నాలుగు రాళ్ళెలా పాతాలో లేదు." టేపు తీసి వకుళ తల చుట్టూ కొలిచాడు. చదువుతుంటే గుమాస్తా రాసుకున్నాడు. "ఉత్తరం జుట్టు. దక్షిణం మెడ. తూర్పు ఎడమ చెవి. పడమర కుడి చెవి."

"అది అటు తిరిగితే తూర్పు మారదా బాబూ?" అన్నాను.

లింగరాజు ఆలోచించాడు. "కదలొద్దమ్మా," అన్నాడు వకుళతో. తరవాత దాని నుదుటిమీద బొట్టు చూసి ఆగిపోయాడు. "ఇక్కడ ముందే ఎవరో గుర్తు పెట్టారే?" 'పాత హద్దు గుర్తు కలదు, రంగు ఎరుపు' అని రాయించాడు.

"ఇప్పుడు క్షేత్ర పరీక్ష. చెయ్యి ఇలా పెట్టు. నేను గిల్లుతాను. నొప్పి చేతిలో ఉందా మనసులో ఉందా నువ్వు చెప్పాలి."

వకుళ చెయ్యి చాపింది. లింగరాజు గట్టిగా గిల్లాడు.

"అబ్బా!" అన్నాను నేను.

గదిలో అందరూ నావంక చూశారు. లింగరాజు పెన్సిలు చెవిలోంచి తీశాడు. మళ్ళీ గిల్లాడు. వకుళ పెదవి బిగించింది. నేను, "చంపేశావు నాయనా!" అన్నాను. ఆపుకుందామనే అనుకున్నాను. మూడోసారి అతను గిల్లకముందే అరిచాను.

అతను తృప్తిగా రాసుకున్నాడు. ఫైలు మీద నేను తలకిందులుగా చదివాను: 'గిల్లిన స్థలం: కుమార్తె. నొప్పి తేలిన స్థలం: తల్లి.'

*

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి ప్రత్యేకాధికారిగారు పిలిచారు. దక్షిణామూర్తిగారట. తెల్లటి చొక్కా, సన్నటి గొంతు. కాలేజీ రెండు వీధుల అవతలే, కానీ అయిదింటికి తలుపు వేసేస్తారు. మా ఫైలుని స్వయంగా నూకరత్నమే పట్టుకొచ్చింది, దారిలో లేకుండా పోకుండా చూస్తూ.

ఆయన ఫైలంతా చదివారు. కళ్ళు తెరిచే చదివారు. "పేరు ఎవరు చెప్పారు?"

"నేనేనండీ," అన్నాను.

"వయసు?"

"నేనే."

"మనసు ఎప్పట్నుంచి ఉందో?"

"నేనేనండీ."

"నొప్పి కూడా మీరే." ఫైలు మూశారు. "అమ్మా, రికార్డు స్పష్టంగా ఉంది. ఈ కార్యాలయానికి మూడు రోజులపాటు ఒకే మనసు హాజరైంది. శరీరాలు రెండు. దీన్ని రెవిన్యూ పరిభాషలో ఉమ్మడి కమతం అంటాం. ఉమ్మడి కమతానికి పత్రం ఒక్కటే, అదీ పెద్దవారి పేరున. మీ పేరున పత్రం సిద్ధంగా ఉంది. కావాలంటే నర్సింగులో మీరు చేరవచ్చు. వయోపరిమితి వేరే శాఖ."

"నాకెందుకు బాబూ నర్సింగు! నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. సీటు దానిది. అది నోరు తెరవదని నేను చెప్పాను గానీ, దాని మనసు దానికి ఉంది. నాకు తెలీదా? దాని మనసులో ఏముందో దానికన్నా నాకే ముందు తెలుస్తుంది!"

ఈ మాటతో గెలిచాననుకున్నాను. అప్పలనరసయ్యగారు గోడ పక్కనుంచి నొసలు కొట్టుకున్నారు.

"అదే మా అభ్యంతరం," అన్నారు దక్షిణామూర్తిగారు. సొరుగులోంచి కొత్త కాగితం తీశారు. సిరా ఇంకా ఆరలేదు. "సర్క్యులరు ఏడు. పై ఆదేశాలకు అదనంగా. ఉమ్మడిగా ఉన్న మనసుని పంచడానికి ఒక పరీక్ష పెడుతున్నాను. నేను అమ్మాయిని ఒకే ప్రశ్న అడుగుతాను: నీ మనసులో ఇప్పుడు ఏముంది? దానికి తనేం చెబుతుందో మీరు ముందుగా ఈ చీటీమీద రాసి మడిచి ఇవ్వాలి. మీరు రాసిందే తను చెబితే మనసు ఒక్కటే. పంపకం తిరస్కరించి సీటు కాలేజీకి తిరిగి రాసేస్తాను. వేరేది చెబితే రెండు మనసులు, రెండు పత్రాలు. అభ్యర్థి జవాబు ఏదైనా ఈ కార్యాలయం ప్రశ్నించదు. రాయండి."

చీటీ తీసుకున్నాను.

అబద్ధం రాసేయవచ్చు కదా అని మీకనిపిస్తుంది. నాకూ అనిపించింది. 'ఏనుగు' అని రాద్దామనుకున్నాను. కానీ కింద 'నాకు తెలిసినంత మేరకు నిజం' అని అచ్చేసి ఉంది, సంతకానికి గీతతో సహా. ప్రభుత్వ కాగితం మీద అబద్ధం రాసేంత ధైర్యం మా ఇంటా వంటా లేదు. పైగా మూడు రోజులు ఈ ఆఫీసులో తిరిగిన పిల్ల మనసులో నిజంగానే ఏనుగున్నా ఉండొచ్చు.

కాబట్టి నిజం రాశాను. నాకు తెలిసింది: 'భయం.' అది హాస్టలుకి వెళ్ళాలంటే భయపడుతోంది. రాత్రి లైటు ఎవరు తీస్తారు, అన్నంలో రాయొస్తే ఎవరితో చెప్పాలి, నేను లేకుండా ఎలా. అడగకపోయినా నాకు తెలుసు. పద్ధెనిమిదేళ్ళూ అడక్కుండానే తెలుసుకున్నాను. సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాను.

ఏ తల్లయినా తన పిల్ల మనసు తనకి తెలిసి ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. నేను పిల్ల సీటు కోసం, స్వామీ, దీని మనసు నాకు తెలిసి ఉండకూడదు అని మొక్కుకుంటున్నాను. మొక్కుకుంటూ కూడా, తెలుసనే నా నమ్మకం. అదే నా ఏడుపు.

దక్షిణామూర్తిగారు వకుళవైపు తిరిగారు. "చెప్పమ్మా. నీ మనసులో ఇప్పుడేముంది?"

అది తల వంచుకుంది.

గోడ గడియారంలో నాలుగున్నర. ఫ్యాను తిరుగుతోంది. అప్పలనరసయ్యగారు పెన్ను మూత తీసి నిలబడ్డారు. తలుపు దగ్గర లింగరాజు టేపు చుట్టుకుంటూ తొంగిచూశాడు. అయిదో గది బక్కాయన కూడా వచ్చాడు, అందరూ ఉన్నారో లేదో తేల్చుకోలేక గుమ్మం బయటే నిలబడ్డాడు.

నాలుగూ నలభై. నేను నోరు తెరవబోయాను. నూకరత్నం చేత్తో నా నోరు మూసేసింది. ఆవిడ చేతికి అమృతాంజనం వాసన. మాట బయటికి రాలేదు గానీ లోపల అంతా అరుస్తున్నాను: భయమనొద్దే తల్లీ, ఏనుగను, సినిమా అను, అన్నం అను, ఏదైనా అను, భయమని మాత్రం అనకు.

నాలుగూ నలభై ఎనిమిది. దాని మొహం వంక చూశాను. ఆ మొహం నాకు తెలియని రోజు లేదు. దగ్గొచ్చేముందు దగ్గొస్తుందని తెలిసేది. ఇప్పుడు ఎంత చూసినా, కంట్లో గానీ పెదవి మీద గానీ ఏమీ దొరకలేదు. తలుపు వేసిన ఇంటి ముందు నిలబడ్డట్టుంది. లోపల దీపం ఉంది, ఎవరో తిరుగుతున్న అలికిడి కూడా వినపడుతోంది.

"ఏమైనా ఉందా అమ్మా?" అన్నారు దక్షిణామూర్తిగారు, మెత్తగా.

వకుళ తలెత్తింది. ఆయన వంక కాదు, నావంక చూసింది.

"ఉందండీ," అంది. "కానీ చెప్పను."